డి మేజర్ కాన్చెర్టోలో డి మైనర్ మూవ్‌మెంట్: నడకా, ఏడుపా? మా ఇంట్లో గొడవ తీర్చండి

వయోలా_నాన్న

మా అమ్మాయికి పదిహేనేళ్లు, డాలస్‌లో స్కూలు ఆర్కెస్ట్రాలో వయోలా వాయిస్తుంది. కార్ల్ స్టామిట్జ్ డి మేజర్ కాన్చెర్టో (ఒక వాద్యం ముందు, ఆర్కెస్ట్రా వెనక వాయించే మూడు భాగాల రచన) మొదటి మూవ్‌మెంట్, అంటే మొదటి భాగం, ఎలాగో గట్టెక్కింది, ఇప్పుడు రెండోదానికి వచ్చింది. అది డి మైనర్. పైన అండాంటే మోడరాటో అని ఉంది, అంతే.

గొడవేంటంటే, ఈ ఆర్నెల్లూ మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. కాకినాడలో ముప్పై ఏళ్లు ఫిడేలు పాఠాలు చెప్పిన మనిషి. పిల్ల నాలుగు గీతలు వాయించిందో లేదో "ఒసేయ్, ఇది కీరవాణి రాగమే!" అని కుర్చీలోంచి లేచారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత మొదలెట్టారు: "ఇంత హడావుడేంటమ్మా, కీరవాణిని చౌకగా, అంటే నిదానంగా, వాయించాలి, స్వరం మీద కాసేపు కూర్చోవాలి, వినేవాడి కళ్లు చెమర్చాలి." టీచరమ్మేమో ఏడిపించొద్దు, నడిపించు అంటుంది. క్వార్టర్ నోట్‌కి, అంటే ఒక్కో దెబ్బకి, మెట్రోనోమ్ 66 (నిమిషానికి 66 దెబ్బలు) పెట్టమంది. నాన్నగారికి 44 అయితే గానీ ఆనదు. యూట్యూబ్‌లో చూస్తే ఒకరికీ ఇంకొకరికీ నిమిషం పైగా తేడా, ఇద్దరూ పేరున్నవాళ్లే.

అసలు అండాంటే మోడరాటో అంటే ఎంత వేగం? డి మేజర్ అని అట్ట మీద వేసి మధ్యలో డి మైనర్ ఎందుకొచ్చింది? అది నిజంగా ఏడుపు పాటేనా? నాకు సంగీతం రాదు, మా నాన్న నాకు నేర్పే ప్రయత్నం రెండు వారాల్లో మానుకున్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

పకోడీ_ప్లేట్

66, 44 కలిపితే 110. సగం 55. గొడవ తీరింది, థ్రెడ్ మూసేయండి.

వయోలా_నాన్న

అదీ చెప్పి చూశాను పకోడీ గారూ. అప్పటిదాకా కొట్టుకుంటున్న ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

ఆల్టో_అక్క

పదేళ్లుగా జర్మనీలో వయోలా వాయిస్తున్నా, ఈ కాన్చెర్టో నా ప్రాణం తీసింది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా. ఇక్కడ ఏ ఆర్కెస్ట్రాలో వయోలా ఉద్యోగానికి వెళ్లినా మొదటి రౌండులో ఈ స్టామిట్జ్ కాన్చెర్టో గానీ, హోఫ్‌మైస్టర్ అనే ఆయన రాసిన కాన్చెర్టో గానీ వాయించమంటారు. రెండూ డి మేజరే. రెండిట్లోనూ మధ్య మూవ్‌మెంట్ డి మైనరే. అంటే మీ ఇంట్లో జరిగే గొడవ కొత్తదేం కాదు.

ముందు నంబర్ల సంగతి. మెల్జెల్ మెట్రోనోమ్‌కి పేటెంట్ తీసుకున్నది 1815లో. స్టామిట్జ్ పోయింది 1801లో. కాబట్టి మీ కాపీలో ఏ అంకె కనబడినా అది ఆ పుస్తకం అచ్చువేసినవాళ్లదో, టీచరు పెన్సిల్‌తో రాసిందో. స్టామిట్జ్‌ది కాదు. విల్లు ఎక్కడ తిప్పాలి, ఎన్ని స్వరాలు ఒక విల్లులో కట్టాలి అనే గీతలు కూడా చాలావరకు తర్వాతవాళ్లు పెట్టినవే.

అండాంటే అంటే ఇటాలియన్‌లో నడుస్తున్నది అని. అడాజియో వేరు, అది అంతకంటే నిదానం. హోఫ్‌మైస్టర్ తన మధ్య మూవ్‌మెంట్ మీద అడాజియో అని రాశాడు, స్టామిట్జ్ అండాంటే మోడరాటో అన్నాడు. అదే శ్రుతి, అదే మైనర్, కానీ మాట వేరే వాడాడు. నాన్నగారు అడిగే 44 హోఫ్‌మైస్టర్‌కి నప్పుతుంది. స్టామిట్జ్‌కి నా ఓటు టీచరుకే.

గట్లనే_ఉంటది

అక్కా, మోడరాటో అంటే మధ్యరకం అని కదా. మరి అండాంటే మోడరాటో అంటే అండాంటే కంటే జోరుగనా, మెల్లగనా? నాకు ఎప్పుడూ సమజ్ కాలె.

ఆల్టో_అక్క

@గట్లనే_ఉంటది నీకే కాదు, ఎవరికీ కాలేదు. కొందరు మామూలు అండాంటే కంటే కాస్త జోరు అంటారు, ఎందుకంటే మోడరాటో అనే వేగం అండాంటేకి పైన ఉంటుంది. కొందరు "నడువు, కానీ మితంగా" అని చదువుతారు. అండాంటీనో అని ఇంకో వేగం మాటుంది, దాని సంగతి ఇంకా ఘోరం. అది అండాంటే కంటే వేగమా, నిదానమా అని బీథోవెన్ అంతటివాడే 1813లో తన పబ్లిషర్‌కి ఉత్తరం రాసి అడిగాడు.

పకోడీ_ప్లేట్

బీథోవెన్‌కే డౌటు ఉంటే నా 55 ఏం తప్పు చేసింది.

తంబూరా_తమ్ముడు

కీరవాణి అన్న ముక్క దగ్గర ఆగుదాం. డి మేజర్‌లో డి మైనర్ ఎందుకు అన్నదానికి మన లెక్కలో సులువైన జవాబుంది.

డి మేజర్ అంటే డి షడ్జమంగా శంకరాభరణం స్వరాలు. డి మైనర్‌కి వెళ్లినప్పుడు షడ్జమం (స) కదల్లేదు, పంచమం (ప) కదల్లేదు. అంతర గాంధారం సాధారణ గాంధారం అయింది, చతుశ్రుతి ధైవతం శుద్ధ ధైవతం అయింది. కాకలి నిషాదం ఉంచితే కీరవాణి. అంటే శ్రుతి మార్చకుండా రాగం మార్చాడు, అంతే. మన కచేరీలో శంకరాభరణం అయ్యాక తంబూరా ముట్టుకోకుండా కీరవాణి ఎత్తుకున్నట్టు. తాతగారి చెవికి సలాం.

ఫిడేల్_బాబాయ్

తమ్ముడూ, సలాం సగమే పెట్టు. కీరవాణి అనేది ఒట్టి ఏడు స్వరాల జాబితా కాదు. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) లేకుండా కీరవాణి ఏంటి? పైగా వాళ్ల మైనర్ ఒక్కచోట నిలబడదు. పైకెళ్లేప్పుడు తరచుగా చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం పట్టుకుంటుంది, అది గౌరీమనోహరి. దిగేటప్పుడు కైశికి నిషాదం, శుద్ధ ధైవతం, అది నఠభైరవి. మధ్యలో స్వరసమ్మేళనం కోసం మళ్లీ కాకలి. ఒక గీతలో మూడు మేళకర్తలు (మూల రాగాలు) తిరిగి వచ్చేదాన్ని కీరవాణి అని ముద్ర కొట్టేస్తే ఎలా?

తంబూరా_తమ్ముడు

బాబాయ్, చుట్టరికం చెప్పాను గానీ పెళ్లి చేయలేదు కదా.

వయోలా_నాన్న

ఫిడేల్_బాబాయ్ పోస్టు నాన్నగారికి చదివి వినిపించా. "ఆయనెవరో తెలిసినవాడు. కానీ మొదటి గీత మాత్రం కీరవాణే" అన్నారు. ఆ తర్వాత తంబూరా యాప్ డి శ్రుతిలో పెట్టి పిల్లని వాయించమన్నారు. మొదట ఎంత బాగుందో! మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. అరనిమిషం పోయాక ఏదో తేడా కొట్టింది. పిల్ల సరిగ్గానే వాయిస్తోంది, తంబూరా మాత్రం ఎవరో పిలవని పేరంటానికి వచ్చినట్టు పక్కన గుంయ్ గుంయ్ అంటోంది.

ఆల్టో_అక్క

ఎఫ్ మేజర్ వైపు వెళ్లిపోయి ఉంటుంది. అక్కడ ఇల్లే మారిపోయింది, తంబూరా మాత్రం పాత చిరునామా దగ్గరే కూర్చుంది. మొత్తం మూవ్‌మెంట్ దిగులుగా ఉండదని చెప్పడానికి అదే సాక్ష్యం. దిగులుతో మొదలై కాసేపు ఎండ కాస్తుంది, మళ్లీ మబ్బు పడుతుంది. 44లో వాయిస్తే ఆ ఎండ వచ్చేసరికి శ్రోత నిద్రపోతాడు.

సైలెంట్_రీడర్

నాలుగేళ్లుగా చదవడమే తప్ప రాయలేదు, ఇవాళ రాయక తప్పట్లేదు. ఇదే శ్రుతి, రాగం ముచ్చటలో మొజార్ట్ ఇంకో దారి పట్టాడు. వయోలిన్, వయోలా ఇద్దరినీ ముందు నిలబెట్టి 1779లో సాల్జ్‌బుర్గ్‌లో రాసిన సిన్ఫోనియా కాన్చెర్టాంటే ఉంది, ఆయన రచనల పట్టికలో నంబరు కె. 364. అది ఈ-ఫ్లాట్ మేజర్, మధ్య అండాంటే సి మైనర్. ఈ-ఫ్లాట్ శంకరాభరణంలో ధైవతం ఏది? సి. ఆ ధైవతాన్ని షడ్జమం చేసుకుంటే నఠభైరవి. అంటే మొజార్ట్ చేసింది గ్రహభేదం! స్టామిట్జ్ షడ్జమం ఉంచి స్వరాలు మార్చాడు, మొజార్ట్ స్వరాలు ఉంచి షడ్జమం మార్చాడు.

ఫిడేల్_బాబాయ్

నాలుగేళ్లు ఎక్కడ దాక్కున్నావయ్యా! ఇది బాగా కుదిరింది. నిషాదం సర్దుబాటు అక్కడా ఉంటుందనుకో, కానీ చూపు సరైనదే.

గట్లనే_ఉంటది

గా మొజార్ట్ అండాంటే వాళ్లమ్మ పోయిన దుఃఖంల రాసిండని యాడనో చదివిన. 1778ల పారిస్‌ల పోయింది కదా ఆమె.

సైలెంట్_రీడర్

పోయింది నిజమే, జులైలో. తర్వాతి ఏడాది ఈ సంగీతం వచ్చింది, అదీ నిజమే. ఈ రెండిటినీ ముడేసింది మనమే. ఆయన అలా చెప్పినట్టు నాకెక్కడా కనబడలేదు. పైగా వినండి: వయోలిన్ సి మైనర్‌లో ఆ పాట ఎత్తుకుంటుంది, తర్వాత వయోలా అదే అందుకుని ఈ-ఫ్లాట్ మేజర్ వైపు తీసుకెళ్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు "ఊరుకో" అన్నట్టు ఉంటుంది. ఏడుపూ ఉంది, ఓదార్పూ ఉంది. ఓదార్చే పాత్ర వయోలాది.

ఆల్టో_అక్క

వయోలా వాళ్లకి జీవితంలో దొరికే మంచి పాత్ర అదొక్కటే. మిగతా అంతా ఉమ్-పా ఉమ్-పా.

కాకినాడ_కాజా

అసలు వయోలా అంటే ఏంటండీ, ఫిడేలు కాదా? మా ఇంట్లో "కొంచెం ఒళ్లు చేసిన ఫిడేలు" అంటారు.

ఆల్టో_అక్క

ఒళ్లు చేసింది, గొంతు కూడా తగ్గింది. వయోలిన్‌కి కింద నుంచి జి, డి, ఎ, ఇ. వయోలాకి సి, జి, డి, ఎ. పై తీగ పోయింది, కింద ఒక తీగ వచ్చింది. విల్లు కూడా బరువే. వయోలిన్ విల్లు దాదాపు 60 గ్రాములైతే ఇది 70 దాకా ఉంటుంది. తీగ లావు కాబట్టి పలకడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది.

ఈ వివరం వేగానికి చాలా ముఖ్యం @వయోలా_నాన్న. 44లో పొడుగు స్వరాలు లాగాలంటే విల్లు సగంలోనే అయిపోతుంది. అప్పుడు విల్లు తిప్పాలి, తిప్పితే పాట విరుగుతుంది. మీ అమ్మాయి ఇబ్బంది పడుతోందంటే సగం ఆ కారణమే అయి ఉంటుంది. ఒకసారి అడగండి.

వయోలా_నాన్న

అడిగాను. "నాన్నా, నేను మూడు వారాలుగా అదే చెప్తున్నా" అంది. నేను వినలేదట.

పకోడీ_ప్లేట్

ఈ థ్రెడ్‌లో అసలు ఏడుపు పాట ఎవరిదో తేలింది.

బెజవాడ_బ్రిడ్జి

వయోలా మనకి తెలీనిదేం కాదండీ. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు వయోలా వాయించేవారు. పాటకి అంత పేరు వచ్చాక ఆ సంగతి మరుగున పడింది. మా విజయవాడ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన మనిషి కాబట్టి మా పెదనాన్న ఈ ముచ్చట ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. మగ గొంతు పక్కన వయోలా మంద్ర స్థాయి అతుక్కున్నట్టు వయోలిన్ అతకదు అనేవాడు.

ఫిడేల్_బాబాయ్

మీ పెదనాన్న మాట నిజం. సి తీగ మీద మంద్రంలో ఆలాపన చేస్తే ఆ రుచే వేరు. నేను ఒకసారి అప్పు తెచ్చుకుని వారం ఉంచుకున్నా. తిరిగివ్వడానికి మనసొప్పలేదు. చెయ్యి మాత్రం బాగా చాచాల్సొచ్చింది, భుజం పట్టేసింది.

ఇక మూడ్ సంగతి. ఆ రోజుల్లో వాళ్లకి కూడా మన రాగరసాల్లాంటి పట్టికలున్నాయి. షూబార్ట్ అని ఒకాయన ఒక్కో శ్రుతికీ ఒక్కో భావం రాసిపెట్టాడు. డి మేజర్ అంటే విజయం, యుద్ధనాదం, హల్లెలూయా. సి మైనర్ అంటే ప్రేమను చెప్పుకోవడం, ఆ ప్రేమ ఫలించలేదని వాపోవడం, రెండూ కలిపి. డి మైనర్‌కి ఏం రాశాడో తెలుసా? దిగులు పట్టిన ఆడతనం అని.

ఆల్టో_అక్క

దిగులు పట్టిన ఆడతనమట! ఆ షూబార్ట్ ఆ పుస్తకం ఎక్కడ కూర్చుని చెప్పి రాయించాడో కూడా చెప్పండి బాబాయ్. జైల్లో. హోహెనాస్పెర్గ్ కోటలో పదేళ్లు పెట్టారు, 1777 నుంచి 1787 దాకా. గోడ తప్ప ఏమీ కనబడని మనిషికి డి మైనరే కాదు, డోర్‌బెల్ మోగినా దిగులుగానే వినబడుతుంది.

గట్లనే_ఉంటది

😂 జైలుకు డోర్‌బెల్ ఏందక్కా.

తంబూరా_తమ్ముడు

నవ్వులాట పక్కన పెడితే, స్టామిట్జ్ ఆ పట్టిక చూసి రాసి ఉండే అవకాశమే లేదు. ఈ కాన్చెర్టో 1774లో పారిస్‌లో అచ్చయింది. షూబార్ట్ పుస్తకం వెలుగు చూసింది 1806లో, ఆయనా పోయాక, స్టామిట్జూ పోయాక. ఎందుకు డి అన్నదానికి ఇంకా దగ్గర కారణం తీగల్లోనే ఉంది. వయోలాకి డి, ఎ రెండూ విడి తీగలు. అంటే స, ప రెండూ వేలు పెట్టకుండా మోగుతాయి. డి మేజర్ నుంచి డి మైనర్‌కి వెళ్లినా స, ప అవే కాబట్టి వాద్యం ఒంట్లోని మోత తగ్గదు. నేను అసలు డి మైనర్ విషాదం అని ఒప్పుకోను. అంత బాగా మోగే శ్రుతిలో విషాదం ఎంతని పట్టుకుంటుంది?

సైలెంట్_రీడర్

ఇది మొజార్ట్‌కి పెట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. కె. 364లో ఆయన వయోలా తీగలన్నీ అరస్వరం పైకి శ్రుతి చేయించాడు. వయోలా కాగితం మీద డి మేజర్‌లో రాశాడు, వినబడేది ఈ-ఫ్లాట్. దాంతో డి, ఎ తీగలే ఈ-ఫ్లాట్, బి-ఫ్లాట్‌గా మోగుతాయి, బిగువు పెరిగి గొంతు పక్కనున్న వయోలిన్‌కి దీటుగా లేస్తుంది. కానీ మధ్యలో సి మైనర్ వచ్చిందా, అప్పుడు షడ్జమం సి గానీ, పంచమం జి గానీ విడి తీగ మీద లేవు. గాంధారం, ధైవతం, నిషాదం విడిగా మోగుతాయి, ఆధారమైన స, ప మాత్రం వేలితో నొక్కాలి. నాకు ఆ అండాంటేలో వయోలా గొంతు ముసుగేసుకున్నట్టు వినబడటానికి ఇదొక కారణం. ఇప్పుడు చాలామంది మామూలు శ్రుతిలోనే వాయించేస్తున్నారు, ఆ తేడా పోతోంది.

ఫిడేల్_బాబాయ్

పోతే పోయింది. తీగ పెంచి వాయించే కచేరీలో సగం దూరం వెళ్లేసరికి శ్రుతి జారుతుంది. వాయించేవాడి కష్టం వాయించేవాడిది.

వయోలా_నాన్న

శ్రుతి మాటొచ్చింది కాబట్టి ఇవాళ జరిగిన ఘోరం చెప్తాను. పిల్ల స్కూలు నుంచి వచ్చి పెట్టె తెరిచి వాయిస్తే ఒక్క స్వరమూ సరిగ్గా లేదు. "తాతా!" అని ఒక్క కేక. నాన్నగారు మధ్యాహ్నం ఊరుకోలేక వయోలాని మన పద్ధతిలో స-ప-స-పకి శ్రుతి చేసి రెండు గంటలు వాయించుకున్నారట. అదృష్టం కొద్దీ తీగ తెగలేదు.

ఆల్టో_అక్క

అయ్యో, కానీ లెక్క భలే ఉంది. సి, జి ఎలాగూ స, ప. డి ని సి కి దించాలి, ఎ ని జి కి దించాలి. రెండు తీగలు ఒక్కో స్వరం దిగాయి. దించారు కాబట్టే తెగలేదు, పెంచి ఉంటే కొత్త తీగల ఖర్చు మీకే.

సైలెంట్_రీడర్

మొజార్ట్ అరస్వరం పెంచాడు, మీ నాన్నగారు నిండు స్వరం దించారు. ఇద్దరూ వయోలాని ఉన్నచోట ఉండనివ్వలేదు.

కాకినాడ_కాజా

తాతగారికి మా ఊరి తరఫున వీరతాడు.

బెజవాడ_బ్రిడ్జి

చిన్న సందేహం. స్టామిట్జ్ అంటే మన్‌హైమ్ ఆర్కెస్ట్రా పెట్టినాయనే కదా? ఆయన 1757లోనే పోయాడని గుర్తు. మరి 1774 ఎలా?

ఆల్టో_అక్క

అది తండ్రి, యోహాన్. కార్ల్ ఆయన పెద్దకొడుకు, 1745లో మన్‌హైమ్‌లోనే పుట్టాడు. రెండోవాడు ఆంటోన్. కార్ల్ ఆ ఆర్కెస్ట్రాలోనే పెరిగి 1770లో ఉద్యోగం వదిలి పారిస్ వెళ్లాడు. 1772లో బర్నీ అనే ఇంగ్లీషాయన మన్‌హైమ్ వెళ్లి, ఇది ఒట్టి సైన్యాధిపతులతో నిండిన సైన్యంలా ఉందన్నాడు, అప్పటికి మన కార్ల్ అక్కడ లేడు.

మన్‌హైమ్ వాళ్లకి ఒక అలవాటుంది, దాన్నే మన్‌హైమ్ నిట్టూర్పు అంటారు. ఒక స్వరం మీద వాలి, పక్క స్వరానికి మెత్తగా జారడం. మొదటిదాని మీద బరువు, రెండోది ఊపిరి వదిలినట్టు. స్టామిట్జ్ వాయించేప్పుడు ఆ జంటల మీద కన్నేసి ఉంచాలి. వేగం సరైనదా కాదా అని నేను చూసుకునేది వాటితోనే. మరీ జోరుగా వెళ్తే నిట్టూర్పు వినబడదు, నలిగిపోతుంది. మరీ నెమ్మదైతే నిట్టూర్పు శోకాలు పెట్టినట్టవుతుంది. నా మటుకు అది 58 నుంచి 66 మధ్యలో ఎక్కడో కుదురుతుంది. హాలు పెద్దదైతే కిందికి, చిన్నదైతే పైకి.

పకోడీ_ప్లేట్

58! నా 55కి మూడే దూరం. చరిత్ర నన్ను గుర్తించే రోజు దగ్గరపడింది.

తంబూరా_తమ్ముడు

మొజార్ట్ ఈ అన్నదమ్ముల గురించి 1778లో పారిస్ నుంచి వాళ్ల నాన్నకి రాసింది గుర్తొచ్చి నవ్వొచ్చింది. చెత్త రాతగాళ్లు, జూదగాళ్లు, తాగుబోతులు, మనకి సరిపడే మనుషులు కాదు అని. ఆ తర్వాతి ఏడాదే కె. 364 రాశాడు, దాన్నీ స్టామిట్జ్ కాన్చెర్టోనీ ఇవాళ వయోలా పిల్లలు ఒకే సంచిలో పెట్టుకుని తిరుగుతున్నారు.

గట్లనే_ఉంటది

స్టామిట్జ్ నిజంగ గట్లనే ఉండెనా?

తంబూరా_తమ్ముడు

తాగేవాడో లేదో నేను చూడలేదు గానీ, యేనాలో అప్పులతో పోయాడు. పోయాక ఆయన పుస్తకాల్లో రసవాదం గ్రంథాలు బోలెడు దొరికాయట. బంగారం చేద్దామని చూసినట్టున్నాడు.

కాకినాడ_కాజా

పాపం, చేసిన బంగారం డి మైనర్‌లో ఉందని తెలీదు ఆయనకి.

ఫిడేల్_బాబాయ్

సరే, నాడి పట్టుకునే పద్ధతి ఎవరూ చెప్పలేదేం? మెట్రోనోమ్ లేని రోజుల్లో వేగం ఎలా చెప్పేవాళ్లని. ఫ్రెడరిక్ రాజుకి ఫ్లూటు నేర్పిన క్వాంట్స్ 1752లో రాసిన పుస్తకంలో మనిషి నాడిని కొలతగా పెట్టమన్నాడు, నిమిషానికి దాదాపు 80. నాలుగు దెబ్బల తాళంలో అల్లెగ్రెట్టో అయితే నాడికొక క్వార్టర్, అడాజియో కాంటాబిలే అయితే నాడికొక ఎయిత్ నోట్ (క్వార్టర్‌లో సగం). అంటే క్వార్టర్‌కి 80 ఒక గట్టు, 40 ఇంకో గట్టు. అండాంటే ఈ రెండు గట్ల మధ్య నడవాలి. ఇప్పుడు చూడండి, తాతగారి 44 అడాజియో గట్టుని ఆనుకుని ఉంది. టీచరు 66 మధ్యలోంచి కాస్త జోరు వైపు ఉంది.

పకోడీ_ప్లేట్

40, 80ల మధ్య అంటే 60. అయినా ఎవరి నాడి బాబాయ్? కాఫీ తాగాక నాది 96.

ఫిడేల్_బాబాయ్

ఆయన అదీ చెప్పాడయ్యా. మధ్యాహ్నం భోజనం తర్వాతి నాడి, అదీ సరదాగా, కాస్త దూకుడుగా ఉండే మనిషిది. గోంగూర పచ్చడితో తిన్నాక పట్టుకో.

వయోలా_నాన్న

వారం ఆలస్యంగా వస్తున్నా. ఏం జరిగిందో చెప్తాను.

క్వాంట్స్ నాడి ముచ్చట చెప్పగానే నాన్నగారికి హుషారొచ్చింది. మన కాలప్రమాణం కూడా అంతే కదా, మనిషి ఒంట్లోంచి రావాలి అన్నారు. సాయంత్రం మా అపార్ట్‌మెంటు చుట్టూ ఇద్దరూ నడకకి వెళ్లారు. నడుస్తూ పిల్ల ఆ పాట పాడింది, అడుక్కొక క్వార్టర్. నాన్నగారు చేత్తో తాళం వేశారు. నేను వెనకాల ఫోను పట్టుకుని లెక్కపెట్టాను. 59. మోకాళ్ల నొప్పి లేకపోతే ఇంకొంచెం ఎక్కువొచ్చేదని ఆయనే అన్నారు. అండాంటే అంటే నడక అని పిల్ల విడమరిచి చెప్తే, "మరి ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా, నేను కూర్చుని వాయించేది అనుకున్నా" అన్నారు.

టీచరుకి 59 నచ్చింది. ఎఫ్ మేజర్ దగ్గర మాత్రం కాలు సాగనివ్వొద్దంది.

ఇంకోటుంది. చివర్లో ఆర్కెస్ట్రా ఆగిపోయి వాయించేవాళ్లని ఒంటరిగా వదిలేసే చోటుంటుంది కదా, కడెంజా. అచ్చులో ఉన్నది ఎవరో తర్వాత రాసిందని, అసలు అక్కడ వాయించేవాళ్లు అప్పటికప్పుడు కల్పించుకునేవాళ్లని అమ్మాయి చెప్పింది. నాన్నగారి కళ్లు చూడాలి! "అంటే మనోధర్మం! అది నాకు వదిలెయ్" అన్నారు.

ఫిడేల్_బాబాయ్

హమ్మయ్య. క్వాంట్స్ గాత్రానికీ ఊదే వాద్యాలకీ కడెంజా ఒక్క ఊపిరిలో అయిపోవాలన్నాడు. తీగ వాద్యాలకి మాత్రం ఎంతైనా సాగదీసుకోవచ్చని వదిలేశాడు. తాతగారికి ఈ రెండో ముక్క చెప్పకండి.

వయోలా_నాన్న

పిల్ల చెప్పేసింది. మొదటి రూపం నాలుగు నిమిషాలొచ్చింది. బేరమాడి నలభై సెకన్లకి తెచ్చాం. ఆయన స రి గ మ లతో కాగితం మీద రాశారు, అమ్మాయి దాన్ని ఆల్టో క్లెఫ్‌లోకి, అంటే వయోలా వాళ్లు చదివే స్వరలిపిలోకి, ఎక్కించింది. గమకాలు రెండుచోట్ల మాత్రం ఉంచింది, టీచరు వాటిని జారుడు అనుకుని ఊరుకుంది. మొత్తం విని, ఇది ఏ ఎడిషన్‌లోది అని అడిగింది.

ఆల్టో_అక్క

ఏం చెప్పారు?

వయోలా_నాన్న

"కాకినాడ ఎడిషన్" అంది మా అమ్మాయి.

కాకినాడ_కాజా

💥💥💥

తంబూరా_తమ్ముడు

ఆ నలభై సెకన్లు ఇక్కడ పెట్టకపోతే ఊరుకోం. తంబూరా లేకుండా.

వయోలా_నాన్న

పెడతాను, పిల్ల ఒప్పుకుంటే. ప్రస్తుతం మూడో మూవ్‌మెంట్ రోండో మొదలైంది. మొదటి పల్లవి తిరిగి తిరిగి వస్తుంటే నాన్నగారు తొడ మీద తాళం వేస్తూ ఇది తిల్లానా అంటున్నారు, టీచరు 96 అంటోంది, ఈయన 120 అంటున్నారు. ఈసారి ఈయనకే తొందర. రేపు కొత్త థ్రెడ్ పెడతాను.

పకోడీ_ప్లేట్

108.